ఎడమ చేతి దీవెన

పొద్దున్నే సెయింట్ క్రిస్టఫర్ బొమ్మ చూసినవాడికి ఆ రోజు అకాల మరణం రాదని న్యూరెంబర్గ్‌లో అందరికీ గట్టి నమ్మకం. ఆ బొమ్మలు బుట్టలో వేసుకుని వీధివీధీ తిరిగి అమ్మే లుట్స్‌ని ఎవరో ఆ బొమ్మతో సహా పొడిచి, పెగ్నిట్స్ నది వంతెన కింద పడేశారు. బాకు ముందు కాగితంలోకి, తరవాత గుండెలోకి దిగింది. పూటపూటా క్రిస్టఫర్ మొహం చూస్తూ బతికినవాడికి ఆ ఒక్క పూట రక్షణ ఎందుకు కరువైందో వంతెన మీద గుమిగూడిన జనంలో ఒక్కరూ అడగలేదు.

బార్టెల్ కిందికి దిగి బాకు పీకాడు. బొమ్మను మడిచి చొక్కా లోపల పెట్టుకున్నాడు. లుట్స్‌తో కలిసి అతను ఎన్నోసార్లు బీరు తాగాడు. లుట్స్ కూతురి పెళ్లిలో అర్ధరాత్రి దాకా నాట్యం చేశాడు. ఇప్పుడు ఆ కళ్లు మూసేటప్పుడు బాధ వస్తుందేమోనని కాసేపు ఎదురు చూశాడు. రాలేదు.

ఊరందరి లెక్కలో బార్టెల్ పాత చెక్క సామాను కొని అమ్మే వ్యాపారి. నగర కౌన్సిల్ లెక్కలో మాత్రం ఏజెంటు. అంతకు ముందు అతను బొమ్మల అచ్చు చెక్కలు చెక్కేవాడు. గీతకు అటూ ఇటూ ఉన్న కొయ్యను తీసేసి, వెంట్రుక మందాన గీతను మిగల్చడం అతనికి వెన్నతో పెట్టిన విద్య. భార్య మార్గరెటా ప్లేగులో పోయాక అతని వేళ్లకి కొయ్య తెలియడం మానేసింది. చేతులు బాగానే ఉన్నాయి. లోపలెక్కడో మొద్దుబారిపోయింది. పాడె లేచినప్పుడు కూడా అతని కంట చుక్క రాలేదు. అది చూసి తమ్ముడు ఎండ్రెస్ మాట్లాడటం మానేశాడు.

కౌన్సిల్ భవనం వెనక గదిలో కార్యదర్శి హోల్‌వాంగ్ తేనె రొట్టె కొరుకుతూ అతనికి పని అప్పగించాడు. ప్రమాదం ఉన్న పనులు అప్పగించేటప్పుడు ఆయనకు ఆకలి ఎక్కువ.

సంగతి ఇది. రేపు శుక్రవారం, పవిత్ర వస్తువుల ప్రదర్శన. సంతబజారులో కొయ్య మంటపం కట్టి, క్రీస్తు పక్కటెముకల్లోకి దిగిన ఈటె దాకా అన్నీ జనానికి చూపిస్తారు. దేశదేశాల యాత్రికులు వస్తారు. తూర్పు ద్వారం, పడమటి ద్వారం తెరిచే ఉంటాయి. పొరుగు ప్రభువు ఒకాయనకు ఆ ఈటె మీద కన్నుంది. కౌన్సిల్లో ఆయన పేరు ఎవరూ పైకి అనరు, ‘అవతలాయన’ అంటారు. అవతలాయన రౌతులు అడవిలో దాక్కుని ఉన్నారు. ఊరంతా ఈటెకేసి చూస్తున్న క్షణంలో ఏదో ఒక ద్వారం దగ్గర కాపలావాళ్ల గొంతులు కోసి లోపలికి వస్తారు. ఏ ద్వారమో తెలియదు. ఒక్క ద్వారానికి సరిపడా సైనికులే ఉన్నారు.

“ఏ ద్వారమో నువ్వు తేల్చాలి. లుట్స్ ఆ మాట చెబుదామనే నా దగ్గరికి వస్తూ పోయాడు, పాపం,” అన్నాడు హోల్‌వాంగ్.

“తూర్పు ద్వారంలో మా తమ్ముడు కాపలా ఉంటాడు, అయ్యగారూ.”

“తెలుసు. అతనికి ఒక్క ముక్క కూడా చెప్పకూడదు. కాపలావాళ్ల మొహాలు మారితే అవతలివాళ్లు పసిగడతారు.” ఆయన ఒళ్లోని పొడి దులుపుకున్నాడు. “నీకు కష్టంగా ఉందా?”

లేదన్నాడు బార్టెల్. అది నిజమే. కష్టంగా ఉండాలని తెలుసు, అంతే. ఎండ్రెస్ గొంతు తెగితే తనకంటూ ఈ భూమ్మీద ఎవరూ మిగలరని కూడా తెలుసు. ఎవరో పక్కింటివాళ్ల విషయం విన్నట్టు తెలుసు.

ఇంటికి పోయి బొమ్మ విప్పి చూశాడు. రాక్షసుడంత మనిషి క్రిస్టఫర్, బాలయేసును భుజాన కూర్చోబెట్టుకుని నది దాటుతున్నాడు. పాత పనివాడి కన్ను మొహాల దగ్గర ఆగలేదు. చేతికర్ర వాలు, వంగిన వీపు, నీటి గీతలు, గట్టు మీద దీపం పట్టుకున్న ముని చూపు, అన్నీ కలిసి చూసేవాణ్ని పైకి, బాలయేసు ఎత్తిన రెండు వేళ్ల దగ్గరికి తోసుకుపోతున్నాయి. బొమ్మలో అన్నిటికన్నా చిన్నవి ఆ వేళ్లే. బొమ్మంతా వాటికోసమే. అవి ఎడమ చేతి వేళ్లు.

ఏ దేవుడూ ఎడమ చేత్తో దీవించడు. అయితే చవక బొమ్మల్లో ఈ తప్పు కొత్తదేమీ కాదు. అసలు బొమ్మ కొనుక్కొచ్చి, కొత్త చెక్క మీద అంటించి, ఆ గీతల వెంటే చెక్కేస్తారు దొంగ పనివాళ్లు. అచ్చు వేస్తే బొమ్మ తిరగబడుతుంది. కుడి ఎడమవుతుంది, నది వెనక్కి పారుతుంది, బాలయేసు ఎడమచేతివాటం వాడవుతాడు. ఊళ్లో సగం ఇళ్లలో ఉన్నవి అలాంటివే. కొన్నవాళ్లెవరూ పట్టించుకోరు.

మర్నాడు పొద్దున్నే బార్టెల్ యాత్రికుడి వేషం వేశాడు. గవ్వ కుట్టిన టోపీ, మోకాళ్లు దాటిన అంగీ, చేతికర్ర. ఆ కర్ర పైభాగం తిప్పితే అతని పాత చెక్కుడు కత్తి బయటికొస్తుంది. మెడలో చిన్న గుండ్రటి అద్దం. ప్రదర్శన నాడు అద్దం లేని యాత్రికుడుండడు. పవిత్ర వస్తువు బయటికి తీయగానే అందరూ అద్దాలెత్తి దాని తేజస్సు పట్టుకుంటారు. ఇంటికి పట్టుకెళ్లి, ఆవు ఈనకపోయినా బిడ్డకు జ్వరమొచ్చినా ఆ అద్దం చూపిస్తారు. బార్టెల్ అద్దం మాత్రం పాత కొలువుది. చెక్క మీద తిరగేసి గీసిన బొమ్మ అచ్చులో ఎలా పడుతుందో అందులో చూసుకునేవాడు.

అపొలోనియా దుకాణం సంతబజారులో, మంటపానికి సరిగ్గా ఎదురుగా ఉంది. ఆమె అచ్చు బొమ్మలకు రంగులద్ది అమ్ముతుంది. భర్త పోయినా నల్ల గుడ్డలు కట్టలేదు. మెడ చుట్టూ మెత్తటి బొచ్చు పట్టీ, జరీ టోపీ, వేళ్ల నిండా ఆకుపచ్చా ఎరుపూ మరకలు. ఆమె నడిచి వెళ్తే పాదిరీలు కూడా జపమాల లెక్క తప్పుతారని ఊళ్లో చెప్పుకుంటారు. రెండేళ్లుగా ఆమె అవతలాయన ముఠాలో కౌన్సిల్ మనిషి. కనీసం కౌన్సిల్ అలా అనుకుంటోంది.

“ఈ క్రిస్టఫర్‌కి ఎరుపు తక్కువైందే,” అన్నాడు బార్టెల్. అది కోడ్.

“ఎరుపు ఎండకి ఆగదు, యాత్రికుడా.” అది జవాబు. తరవాత ఆమె గొంతు తగ్గించింది. “నిద్రపోయావా, లేదా? నీ మొహానికి కాస్త రంగు నేనే వెయ్యాల్సొచ్చేట్టుంది.”

చుట్టూ జనం ఉండగా, బొమ్మల బేరం నడుస్తున్నట్టే ఆమె విషయం చెప్పింది. సిగ్నల్ తన దుకాణంలోనే ఉంటుంది. పై తాడుకు పెద్ద క్రిస్టఫర్ బొమ్మ వేలాడదీయమన్నారు. బాలయేసు దీవించేది కుడి చెయ్యి అయితే పడమటి ద్వారం, ఎడమ చెయ్యి అయితే తూర్పు. ముఠా వేగు ఒకడు జనంలో నిలబడి చూస్తాడు. ఈటె బయటికి తీసే క్షణంలో తాడు మీద ఏది ఉంటే అదే ఆఖరు మాట. రౌతులకు కబురు అందిస్తాడు.

ఎరుపు అంగీ తొడుక్కున్న క్రిస్టఫర్ తాడు మీద ఊగుతున్నాడు. బాలయేసు కుడి చేత్తో దీవిస్తున్నాడు.

క్రిస్టఫర్ పడమటి గట్టుకు చేరాడని బార్టెల్ కౌన్సిల్‌కి కబురు పంపాడు. కాసేపటికి సైనికులు రొట్టెల బళ్లలో, పీపాల బళ్లలో దాక్కుని పడమటి ద్వారానికి తరలిపోయారు. మిషన్ ముగిసినట్టే. తూర్పు ద్వారానికి ముప్పు లేదు, ఎండ్రెస్ సాయంత్రం ఇంటికెళ్లి బూట్లు విప్పుకుంటాడు. సంతోషించాల్సిన మాటే. బార్టెల్ సంతోషించలేదు. దుకాణానికి కొద్ది దూరంలో, జనం చివరి వరసలో నిలబడ్డాడు.

మంటపం మీదికి పాదిరీలు వచ్చారు. మొదటి విడతలో బాలయేసు పడుకున్న పశువుల తొట్టి ముక్క చూపించారు. రెండో విడతలో చక్రవర్తి కిరీటం, కత్తి. ప్రతి వస్తువు పేరూ దండోరావాడు గొంతు చించుకుని చెబుతున్నాడు. పేరు వినగానే అద్దాలన్నీ ఒక్కసారి లేస్తున్నాయి. వెనక నిలబడ్డ బార్టెల్‌కి కనిపించేది వాటి తగరపు వీపులే. అద్దం మొహాలన్నీ మంటపం వైపే ఉంటాయి కదా.

ఒక్కటి మాత్రం అతని కళ్లలోకి మెరిసింది.

ముందు వరసల్లో ఆకుపచ్చ టోపీవాడు. వాడి అద్దం మొహం మంటపం వైపు లేదు, వాడి వైపు ఉంది. వాడికి కావలసింది పవిత్ర తేజస్సు కాదు, తన వెనకున్న దుకాణం. వెనక్కి తిరిగి చూడొచ్చు కదా అంటే, చూడలేడు. ప్రదర్శన జరుగుతుండగా మంటపానికి వీపు చూపినవాణ్ని దైవదూషకుడని జనమే ఎముకలు విరగ్గొడతారు. కాబట్టి వేగు అనేవాడు ఎవడైనా అద్దంలోనే చూడాలి.

బార్టెల్ తన అద్దాన్నీ తిప్పి పట్టుకున్నాడు. జరీ టోపీ కనిపించింది, దాని పైన తాడు, తాడు మీద క్రిస్టఫర్. అద్దంలో బాలయేసు ఎడమ చేత్తో దీవిస్తున్నాడు.

ఇరవై ఏళ్లు అద్దం చూసి బతికినవాడికి ఇంత చిన్న విషయం తట్టలేదు. తట్టేవాడే, ఒకప్పుడైతే. ఎడమ చెయ్యి అంటే తూర్పు. తూర్పున ఎండ్రెస్, ఇద్దరు ముసలి కాపలావాళ్లు, పక్కన ఒక కుక్క. సైనికులందరినీ తన నోటితోనే పడమటికి పంపించాడు. పరిగెత్తి వాళ్లను మళ్లించే వ్యవధి లేదు. మూడో విడత మొదలైపోయింది, దండోరావాడు శిలువ ముక్క పేరు చెబుతున్నాడు. ఆ తరవాత ఒక్క ముల్లు, దాని వెనకే ఈటె.

అతను వెనక్కి తిరిగాడు. మంటపానికి వీపు చూపించాడు. పక్కనున్న ముసలమ్మ జపమాలతో చెంప మీద కొట్టింది. వాంతి వస్తున్నట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, తూలుతూ దుకాణం చేరాడు. చెంప చిట్లింది. నొప్పి తెలియలేదు.

“నాకు అబద్ధం చెప్పావు.”

“చెప్పలేదు, బార్టెల్,” అంది అపొలోనియా. ఆమె పెదాలు మాత్రమే కదిలాయి. “కుడి పడమర, ఎడమ తూర్పు. ఎటునుంచి చూడాలో నువ్వు అడగలేదు.”

“తూర్పు ద్వారంలో నా తమ్ముడున్నాడు.”

“తెలుసు. నీకు తమ్ముడి మీద ప్రేముందో లేదో మాత్రం తెలీదు. నీ మొహం చూసి ఎవరు చెప్పగలరు?”

అతని చెయ్యి కర్ర పైభాగం మీద ఉంది. తిప్పితే కత్తి వస్తుంది. ఆమెను పొడిచి బొమ్మ పీకేస్తే ఏమవుతుంది? వేగుకు ఖాళీ తాడు కనిపిస్తుంది. ఆట బయటపడిందని రౌతులు పారిపోతారు, మరో ఏడు మరో ద్వారానికి వస్తారు. లేదా పారిపోకుండా దగ్గరున్న తూర్పు ద్వారం మీదే పడతారు. కర్ర వదిలేసి చొక్కాలోంచి లుట్స్ బొమ్మ తీసి ఆమె ముందు పరిచాడు. అదే క్రిస్టఫర్, అదే కాగితం కొలత. బాలయేసు ఎడమ చెయ్యి ఎత్తి ఉన్నాడు. క్రిస్టఫర్ అంగీ మధ్యలో బాకు చీలిక, చుట్టూ గోధుమరంగుకు తిరిగిన మరక.

అపొలోనియా ఆ చీలికను వేలితో తడిమింది.

“లుట్స్‌దా?”

“వంతెన కింద దొరికాడు. నిన్న పొద్దున.”

“ముఠావాళ్లు వాణ్ని ఊరు దాటించి వదిలేస్తామన్నారు,” అందామె. “నా చేతిలో రవ్వంత పని కూడా లేనప్పుడు వాడొక్కడే నా బొమ్మలు అమ్మిపెట్టాడు. వదిలేస్తామని శిలువ మీద ఒట్టేశారు, బార్టెల్.”

దండోరావాడు ముళ్ల కిరీటంలోని ముల్లు పేరు చెబుతున్నాడు. అద్దాలు లేచాయి, దిగాయి.

“ఎరుపు ఉందా?” అన్నాడు బార్టెల్.

ఆమె చిక్కటి ఎరుపులో కుంచె ముంచి, రెండు పూతల్లో క్రిస్టఫర్ అంగీ అంతా నింపేసింది. రక్తం రంగులో కలిసిపోయింది. చీలిక వెనక పిండి జిగురుతో చిన్న కాగితం ముక్క అంటించింది. అంత త్వరగా ఊళ్లో మరే చెయ్యీ చేయలేదు. కుంచె ఒక్క గీత కూడా దాటలేదు. బార్టెల్ తన పెద్ద అంగీని విప్పి దులుపుతున్నట్టు తాడుకు అడ్డంగా నిలబడ్డాడు. ఆ మాటున ఆమె పాత బొమ్మను లాగేసి కొత్త బొమ్మను తగిలించింది.

“పరిశుద్ధ ఈటె!” అని దండోరావాడు కేకపెట్టాడు.

బార్టెల్ పక్కకు తప్పుకున్నాడు. బజారంతా మోకాళ్ల మీదికి దిగింది. వేల అద్దాలు ఒక్కసారి పైకి లేచాయి, అందులో ఒక్కటి వెనక్కి చూస్తోంది. ఆకుపచ్చ టోపీవాడు అద్దాన్ని కాస్త అటు తిప్పాడు, కాస్త ఇటు తిప్పాడు. ఇందాకటి దీవెన ఇప్పుడు చెయ్యి మారింది. మార్చే హక్కు దుకాణం ఆవిడకుంది, అది ముందే ఒప్పుకున్న మాట. తడి ఎరుపు ఎండలో తళతళలాడుతోంది. అంగీ అంచు నుంచి ఒక్క చుక్క జారి నది గీతల మీదికి కారింది. వాడు చూశాడో లేదో బార్టెల్‌కి తెలియలేదు.

వాడు అద్దాన్ని సూర్యుడికేసి ఎత్తి, బజారు అవతలి మిద్దె కిటికీలో కాచుకున్నవాడి మీదికి మెరుపు విసిరాడు.

ఏ ద్వారానికి ఏ మెరుపో బార్టెల్‌కి తెలియదు. ఇక చేయగలిగింది లేదు. మోకాళ్ల మీద కూర్చుని ఈటెకేసి చూశాడు. అందరూ ఏడుస్తూ ప్రార్థిస్తున్నారు. అతనికి ఎండ్రెస్ చిన్నప్పటి మెడ గుర్తొచ్చింది. క్షవరం చేయించుకున్న రోజు తెల్లగా, సన్నగా, కోడిపిల్ల మెడలా ఉండేది. అతని చెయ్యి తనంతట తనే సొంత మెడ మీదికి పోయింది. దాన్ని భయం అంటారని గుర్తు తెచ్చుకోవడానికి అతనికి కాస్త సమయం పట్టింది.

బాకా మోగింది. పడమటి బురుజు మీద. వెనకాలే ఇనప తలుపు ధడేలున దిగిన చప్పుడు, గుర్రాల సకిలింపులు. లోపలి తలుపుకీ బయటి తలుపుకీ మధ్య అవతలాయన రౌతులు వలలో చేపల్లా ఇరుక్కున్నారు. ఆకుపచ్చ టోపీవాడు లేచి పరిగెత్తబోయాడు. మంటపానికి వీపు చూపించాడు కాబట్టి వాడి సంగతి సైనికులు వచ్చేలోపు ముసలమ్మలే చూసుకున్నారు.

బార్టెల్ తిరిగి చూసేసరికి దుకాణంలో ఎవరూ లేరు. కుంచె ఇంకా ఎర్రనీళ్లలోనే ఉంది. బొచ్చు పట్టీ మేకుకు వేలాడుతోంది. అంత ఖరీదైనది వదిలేసి పోయిందంటే చాలా దూరమే వెళ్లి ఉంటుంది. తాడు మీది బొమ్మను విప్పి, ఆరనిచ్చి, మళ్లీ చొక్కాలో పెట్టుకున్నాడు. లుట్స్ కూతురికి ఇవ్వాలనుకున్నాడు.

సాయంత్రం హోల్‌వాంగ్ రెండు తేనె రొట్టెలు తినేసి, ఇంతకీ ఆ దుకాణం ఆవిడ మన మనిషా, అవతలివాళ్ల మనిషా అని అడిగాడు.

“ఆ సంగతి ఆవిడక్కూడా ఇంకా తెలీదు, అయ్యగారూ,” అన్నాడు బార్టెల్. వెతికించమని సలహా ఇవ్వలేదు.

తిన్నగా తూర్పు ద్వారానికి నడిచాడు. ఎండ్రెస్ అరుగు మీద కూర్చుని, రొట్టెలో జున్ను ముక్కలు పెట్టుకుని తింటున్నాడు. కుక్క కాళ్ల దగ్గర పడుకుని ఉంది. అన్నను చూసి అతను నమలడం ఆపాడు. చిట్లిన చెంప చూశాడు. మాట్లాడకపోవడం అలవాటైన మనుషులకి ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు.

చివరికి ఎండ్రెస్సే మొదలుపెట్టాడు. సరదాలన్నీ పడమటి ద్వారం వాళ్లకేనట. యుద్ధమట, రౌతులట, బాకాలట. ఇక్కడ పొద్దుటినుంచీ ఈగలు తోలుకుంటూ కూర్చున్నారట. ఇంత చప్పటి శుక్రవారం తన కొలువులోనే లేదట. బార్టెల్ అతని మెడకేసి చూస్తూ అన్నీ విన్నాడు. మెడ ఇప్పుడు లావైంది, ఎండకు కందింది, గడ్డం సరిగ్గా గీసుకోలేదు.

“ఏంటలా చూస్తావు?” అన్నాడు ఎండ్రెస్. తరవాత గొంతు మారింది. “అన్నయ్యా? ఏడుస్తున్నావా?”

బార్టెల్ చెంప తడిమి చూసుకున్నాడు. వేళ్లకి తడి తెలిసింది. చెంప మీద గాయం మంట కూడా తెలిసింది. ఎంత మండుతోందో.

“ఆకలేస్తోంది,” అన్నాడు.

ఎండ్రెస్ పక్కకు జరిగి చోటిచ్చాడు. రొట్టె విరిచి పెద్ద సగం అన్న చేతిలో పెట్టాడు. కాసేపు ఇద్దరూ నమిలారు. పక్షులు గోడ దాటి అడవికేసి పోతున్నాయి.

“చెప్తే నవ్వుతావు,” అన్నాడు ఎండ్రెస్. “ఇవాళ హడావుడిలో క్రిస్టఫర్ బొమ్మ చూడ్డం మర్చిపోయాను. ఇన్నేళ్లలో ఇదే మొదటిసారి. పొద్దుటినుంచీ గుండెలు పీచుపీచుమంటూనే ఉన్నాయి. చూశావుగా, చూడకపోయినా ఏమీ కాలేదు.”

బార్టెల్ నోట్లో ముద్ద మింగాడు.

“నీ బదులు ఇంకొకడు చూశాడులే,” అన్నాడు. “అద్దంలో.”